నొప్పికి భాష లేదనువారికి

“నొప్పికి భాషతో పనియేమి? ఏ భాషవాడు మ్రింగినను మందు మందే గదా!” అని మన సంఘ సభలలో సైతము కొందరు పెద్దలు వాదించుచున్నారు. ఈ వాదము వినుటకు ఇంపుగా నున్నది గాని, నిలుచునది కాదు.

జ్వరమునకు ధర్మామీటరు కలదు. విరిగిన యెముకకు ఎక్స్‌రే కలదు. నొప్పిని కొలుచు యంత్రము నేటికిని లేదు. రోగి మాటయే దానికి కొలమానము. రోగి చెప్పుకొను నొప్పిని మన్నింపవలెనని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము 2020లో తన నిర్వచనమును సవరించునపుడు స్పష్టపరచినది. మాటయే తెలియనిచో వైద్యుడు దేనిని మన్నించును?

1975లో కెనడా దేశీయుడగు రోనాల్డ్ మెల్జాక్ వెలువరించిన ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించు పదములు 78 కలవు. అవి ఆంగ్లపదములు. మన తెలుగున పోటు వేరు, సలుపు వేరు. తీపు వేరు, మంట వేరు. షోలాపురములో దినమెల్ల వంగి బీడీలు చుట్టు మన ఆడపడుచు “మెడ సలుపుచున్నది, చేయి తిమ్మిరెక్కుచున్నది” అన్నచో అందు రెండు సంగతులున్నవి. ఆ తిమ్మిరి నరము నలుగుటకు గుర్తు కావచ్చును. అవి రెండును “దుఖతే” అను ఒక్క మాటలో కలిసిపోయినచో వైద్యునికి అందునది సగము కథయే. మరాఠీలో మాటలు లేక కాదు. ఆమెకు అవి రాక.

“తరతరములుగా ఇచ్చటనుండి రాష్ట్రభాష నేర్వరేమి?” అందురు. నేర్చినారు. కాని కార్ఖానాలో లెక్క చెప్పు భాష వేరు, నడిరేయి బాధలో నోటవచ్చు భాష వేరు. బడికిపోవు కూతురిని దుబాసిగా నిలుపుటయు తగదు. తల్లి సిగ్గుచే సగము దాచును. బిడ్డ తెలియక సగము విడుచును.

1993లో కోళిక్కోడున పుట్టిన ఉపశమన చికిత్సోద్యమము కేరళమున ఇరుగుపొరుగువారినే సేవకులుగా తీర్చినది. అది మనకేల అసాధ్యము? బడిలో మాతృభాషకై రాజ్యాంగములోని 350-ఎ అధికరణమును చూపి పోరాడు మనము ఆసుపత్రి గుమ్మమున మౌనము వహించుట న్యాయమా?

కావున ప్రతి శాఖయు ఉభయభాషలెరిగిన ఇద్దరిని, అందొక స్త్రీని, ఆసుపత్రికి తోడుపంపవలెను. మన వాడలకు వచ్చు పరిశోధకులు సిద్ధపరచిన ప్రశ్నలను తర్జుమా చేయించుటతో సరిపుచ్చక, బీడీ చుట్టువారిని, మగ్గము నేయువారిని కూర్చుండబెట్టుకొని ప్రశ్నలు కూర్పవలెనని మనము పట్టుబట్టవలెను. ఉగాది పందిళ్లకు చందాలు పోగుచేయు చేతులకు ఇది భారము కాదు.