మీటర్ పలకట్లేదా?

సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లకు కరెంటు బిల్లే పెద్ద బెంగ. ఏ వరుస ఎంత కాలుస్తోందో తెలియాలంటే మోడ్‌బస్ ఉన్న ఎనర్జీ మీటర్ బిగించి, లైనక్స్ ల్యాప్‌టాప్‌లో చదువుకోవచ్చు. 1979లో వచ్చిన మోడ్‌బస్ ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో నడుస్తూనే ఉంది.

యూఎస్‌బీ–ఆర్‌ఎస్‌485 కన్వర్టర్ పెట్టి, ‘ఎంబీపోల్’ కమాండ్‌తో అడగండి. జవాబు రాలేదా? వెంటనే కొత్త మీటర్ కొనేయకండి! ఉబుంటులో మీ యూజర్ ‘డయలౌట్’ గ్రూపులో ఉండాలి. అడ్రస్, బాడ్ రేటు, పారిటీ మీటర్‌లో ఎలా ఉంటే కమాండ్‌లోనూ అలాగే ఇవ్వాలి. అయినా పలక్కపోతే మెయిన్ ఆపేసి, ఏ, బీ వైర్లు అటూఇటూ మార్చి చూడండి.

వచ్చిన యూనిట్లు మీటర్ తెరమీది అంకెతో సరిపోయాయా? అప్పుడే ఆ లెక్క నమ్మండి. తేడా వస్తే రిజిస్టర్ నంబర్ చూడండి: ఎంబీపోల్ 1 నుంచి లెక్కపెడుతుంది, కొన్ని మాన్యువల్స్ 0 నుంచి!