బ్యాడ్జి అడగండి అన్నా!

మన తగరపువలస హాస్టల్లో చదివిన అన్నలు కొందరు విశాఖలో వెల్డింగు పనులకు, ఎక్స్‌రే పనులకు వెళ్తుంటారు. వెల్డింగు అతుకుల్లో లోపాలను ఇరిడియం-192 గామా కిరణాలతో పరీక్షిస్తారు. ఆ కిరణం కంటికి కనబడదు, ఒంటికి తెలియదు.

ఎక్స్‌రేలు జన్యువులను మార్చగలవని 1927లో ముల్లర్ పండ్ల ఈగలపై నిరూపించాడు. 1946లో నోబెల్ బహుమతి పొందాడు. మోతాదు ఎక్కువైతే క్రోమోజోములు తెగుతాయి. మామూలు కణం తెగినదాన్ని అతుక్కోగలదు. పక్వమైన వీర్యకణానికి ఆ శక్తి లేదు. ఫలదీకరణ జరిగాక అండమే ఆ మరమ్మతు చేయాలి. అతుకు తప్పితే పిండం నిలవకపోవచ్చు. లోపం తండ్రి వైపు నుంచీ రావచ్చన్నమాట. అందుచేత గర్భం పోయిన ప్రతిసారీ కోడలినే నిందించడం అన్యాయమని నా అభిప్రాయం.

అలాగని బెంబేలెత్తనవసరం లేదు. 1945 బాంబుల నుంచి బతికిన హిరోషిమా, నాగసాకి వాసులకు తర్వాత పుట్టిన పిల్లలను దశాబ్దాలుగా పరిశీలించినా, వంశపారంపర్య లోపాలు పెరిగినట్లు స్పష్టంగా తేలలేదు. కానీ ఎలుకల్లో ఈ నష్టం రుజువైంది. కనుక జాగ్రత్త తప్పదు.

మన దేశంలో రేడియేషన్ పనివారికి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. గర్భవతి అని తెలియజేసిన అక్కలకైతే కడుపులోని బిడ్డకు అందేది 1 మిల్లీసీవర్టు మించరాదు. ఎంత సోకిందో చెప్పేది ఛాతీపై పెట్టుకునే టి.ఎల్.డి. బ్యాడ్జి. కాంట్రాక్టు కూలీ అయినా దాన్ని అడిగి తీసుకోవాలి. అడిగితే పని పోతుందన్న భయం మనవాళ్లకు ఎక్కువ. ఒక్కరు అడిగితే భయమే, పదిమంది కలిసి అడిగితే అది హక్కు. చదువు ఇచ్చిన ధైర్యం అక్కడ పనికిరాకపోతే ఇంకెక్కడ పనికొస్తుంది?