వికారాబాదు వాన, తాండూరు వాన

వికారాబాదులో కురిసిన వాన వలన కంది పండుతుందట, తాండూరులో కురిసిన వాన వలన ఎండుతుందట! కొన్నేళ్ళ క్రిందట నా కంప్యూటరు ఇచ్చిన తీర్పు ఇది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది రుచి ఎరిగినవారెవరూ దీనిని నమ్మరు. తాండూరు దగ్గర సేద్యం చేసే మా బాబాయికి ఆ కాగితం చూపించాను. "మేఘానికి పొలిమేర తెలుసునా నాయనా?" అని మాత్రం అన్నారు. సిగ్గుతో తల వంచుకున్నాను.

తప్పు యంత్రానిది కాదు. ఆ రెండు ఊళ్ళ వానలెక్కలు ఇంచుమించు కలిసి పెరిగి, కలిసి తగ్గేవి. వాటిని వేర్వేరు కారణాలుగా నిలువు వరుసలలో పేర్చి, దాదాపు అసాధారణ మాత్రికను తయారు చేసినది నేనే. విలోమం ప్రమాదకరమని కంప్యూటరు హెచ్చరించింది కూడా. ఆ హెచ్చరిక కనబడకుండా చేసినదీ నేనే.

చిన్న ఉదాహరణ చూడండి. రెండు సంఖ్యల మొత్తం 2. మొదటి సంఖ్యకు రెండవదాని 1.0001 రెట్లు కలిపితే 2.0001. జవాబు 1, 1. కొలతలో ఇసుమంత తేడా వచ్చి 2.0001 కాస్తా 2.0002 అయిందనుకోండి. జవాబు 0, 2 అవుతుంది!

నిర్ధారకం చిన్నదైనంత మాత్రాన భయపడనక్కరలేదు. వికర్ణంలో పది 0.1లు, మిగిలినచోట్ల సున్నలు ఉన్న మాత్రిక నిర్ధారకం అత్యల్పం, అయినా దానితో చిక్కేమీ లేదు. చూడవలసినది కండిషన్ నంబరు. అది 10కి పదవ ఘాతమైతే, యంత్రం మోసే సుమారు 16 అంకెలలో పది వరకు గల్లంతు కావచ్చు. మాత్రికను దాని వ్యత్యయంతో గుణిస్తే ఆ సంఖ్య వర్గమై కూర్చుంటుంది. కనుక గుణించక, క్యూఆర్ విభజన వాడడం మేలు.

వికర్ణానికి ఏదో చిన్న సంఖ్య కలిపి గట్టెక్కవచ్చునని కొందరంటారు. తప్పు లేదు. అయితే అది మన ఊహ అని పాఠకునికి చెప్పాలి. చెప్పకపోతే అది చికిత్స కాదు, ముసుగు.

మన తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) 1955లోనే విలోమం లేని మాత్రికలకు ఒక విధమైన విలోమాన్ని ప్రతిపాదించారు. అటువంటి విలోమాలు అనేకం ఉండవచ్చు. అయినా దత్తాంశం చెప్పగలిగిన ప్రశ్నకు ఏ విలోమంతో చూసినా జవాబు ఒకటే. మారిపోయే జవాబులన్నీ దత్తాంశానికి తెలియని సంగతులే.

పై ఉదాహరణలో రెండు జవాబులలోనూ మొత్తం 2గానే నిలిచినది గమనించారా? నేనూ రెండు వానల ఉమ్మడి ఫలితాన్ని అడిగి ఉంటే సరిపోయేది. ఏ వాన ఎంత అని విడదీయమన్నాను. యంత్రం మొహమాటపడి ఏదో చెప్పింది. ఆ కాగితం ఏ రైతు చేతిలోనో సలహాగా పడి ఉంటే?

హెచ్చరిక వచ్చినప్పుడు సవరించవలసినది ముందుగా మన ప్రశ్నను అని నా అభిప్రాయం. మీరేమంటారు?