పనిచేస్తోంది కదా!

నెల క్రితం ఒక ఆదివారం మా స్నేహితురాలు ఫోన్ చేసింది. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరింది తను, ఇక్కడే ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో. అక్కడి పాత యంత్రం రోజూ పొద్దున్నే గంటసేపు మొరాయిస్తుందట. "కొత్తది కావాలని రెండుసార్లు అడిగానే. పనిచేస్తోంది కదా అంటాడు మా మేనేజర్" అని వాపోయింది.

ఈ మాట నాకూ కొత్త కాదు. ఎమ్మెస్సీ అయ్యాక, పెళ్లికి ముందు రెండేళ్లు మన దగ్గర ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేశాను. అక్కడి స్పెక్ట్రోఫోటోమీటర్ వయసులో నాకంటే పెద్దదేమో! ఒకే ద్రావణానికి ఒక్కోసారి ఒక్కో అంకె చూపించేది. నేను అరగంట ముందే వెళ్లి దాన్ని ఆన్ చేసి, ప్రతి శాంపిల్‌కీ మూడు రీడింగులు తీసి, సగటు కట్టి, రికార్డులో ఒక్క అంకె నీట్‌గా రాసేదాన్ని. కొత్తదానికి ఇండెంట్ పెడితే రెండేళ్లూ వెనక్కి వచ్చింది. రాదా మరి? రికార్డు చూస్తే ఏ లోపమూ కనబడదు. నా అరగంట, ఆ మూడు రీడింగులు ఏ కాగితం మీదా లేవు.

ఆ లోపాన్ని కప్పిపెట్టింది నేనేనని నాకు అర్థమైంది నెవార్క్ సంగతి చదివాక.

2025 ఏప్రిల్ 28. న్యూజెర్సీలో మనవాళ్లు అమ్మానాన్నలనో అత్తమామలనో పిలిపించుకునే రోజులు. ఆ రోజు నెవార్క్ విమానాలకు దారి చూపే ఫిలడెల్ఫియా కంట్రోలర్లకు రాడార్, రేడియో రెండూ సుమారు 90 సెకన్లపాటు పోయాయి. విమానాలు తెరమీద కనబడవు, పైలట్లతో మాట్లాడే వీల్లేదు. అదృష్టవశాత్తూ ప్రమాదం జరగలేదు గానీ, ఆ తర్వాత కొందరు కంట్రోలర్లు ఆ దెబ్బకి సెలవు పెట్టాల్సి వచ్చింది. ఎన్నో విమానాలు రద్దయ్యాయి. న్యూయార్క్ నుంచి సమాచారం తెచ్చే పాత రాగి తీగల స్థానంలో ఫైబర్ వేస్తామని ఆ తర్వాత ఎఫ్‌ఏఏ ప్రకటించింది.

ఇది ఎవరికీ తెలియని సంగతీ కాదు. ఎఫ్‌ఏఏ వాడే 138 వ్యవస్థల్లో 51 ఇక కొనసాగించలేనివనీ, మరో 54 ఆ స్థితికి చేరేలా ఉన్నాయనీ ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ 2024 సెప్టెంబరులోనే రాసింది. కొన్నిచోట్ల ఇంకా ఫ్లాపీ డిస్కులు, కాగితపు స్ట్రిప్పులు! వీటిని మార్చడానికి కాంగ్రెస్ 1,250 కోట్ల డాలర్లు ఇచ్చింది 2025 జూలైలో.

అన్నేళ్లూ విమానాలు క్షేమంగా దిగాయంటే అందులో కంట్రోలర్ల నేర్పు ఎంతుందో! కానీ చూసేవాళ్లకి ఆ నేర్పు కనబడదు, యంత్రం పనిచేస్తున్నట్టే కనబడుతుంది.

అందుకే నా స్నేహితురాలితో అన్నాను: "యంత్రం పాతదైందని చెప్పకు. దానికోసం నువ్వేం పోగొట్టుకుంటున్నావో చెప్పు. తేదీ వేసి రాయి. ఎన్ని నిమిషాలు ఆగింది, ఏ టెస్టు మళ్లీ చేశావు, రిపేరుకి ఎంతయింది, విడిభాగాలు దొరుకుతున్నాయా లేదా. రోజుకి గంటంటే, 250 పనిదినాలకి 250 గంటలు. అంటే ఆరు వారాల జీతం! అది నోటితో కాదు, ఈమెయిల్‌లో పంపు. అదీ బడ్జెట్ వేసే ముందే. డబ్బు పంచేశాక ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

తను కాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్ల గ్యాప్ తర్వాత వచ్చాను కదే, నాకే చేతకావట్లేదు అనుకుంటారేమో" అంది.

అసలు సంగతి అదీ. ఆ భయంతోనే గంట ముందే వెళ్లి, యంత్రాన్ని బతిమాలి, తొమ్మిదింటికల్లా అంతా సవ్యంగా ఉన్నట్టు చూపిస్తాం. నేనూ అదే చేశాను. మనలో చాలామంది చేస్తూనే ఉండి ఉంటారు. అంకెలు కాగితం మీద ఉంటే మాట మన చేతకానితనం మీదకి రాదు, యంత్రం మీదే ఉంటుంది.

నిన్న మళ్లీ ఫోన్ చేసింది. మూడు వారాల లెక్క పంపిందట. కొత్త యంత్రం ఇంకా రాలేదు. "ఇంత టైమ్ పోతోందని నాకెందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగాడట మేనేజర్.