నేరం సాలీడుదేనా?

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లెనెక్సా అనే ఊరుంది. 2001లో అక్కడి ఓ పాత ఇంట్లో ఆరు నెలలపాటు సాలీళ్లను పట్టి లెక్కపెట్టారు. తేలినవి 2,055. అన్నీ బ్రౌన్ రెక్లూజ్ అనే విషపు సాలీళ్లే. వాటిలో నాలుగు వందలకు పైగా కరిచేపాటి ఎదిగినవి. ఆ ఇంట్లో నలుగురు 1996 నుంచీ కాపురముంటున్నారు. అప్పటివరకూ ఒక్కరికీ కాటు పడలేదు.

విషం తక్కువదేం కాదు. ఇది కరిస్తే కొందరికి ఆ చోట చర్మం నల్లబడి, కుళ్లి, పుండు మానడానికి వారాలు పడుతుంది. అరుదుగా పిల్లల్లో ఎర్ర రక్తకణాలు చిట్లి ప్రాణం మీదికి వస్తుంది. కానీ ఈ సాలీడుకు మనిషంటే బెరుకు. పగలు అట్టపెట్టెల్లో, బీరువాల వెనక నక్కి, రాత్రి పురుగుల వేటకు బయల్దేరుతుంది. చొక్కా చేతిలోనో, బూటులోనో, దుప్పటి మడతలోనో దూరి, మన ఒంటికింద నలిగినప్పుడే కరుస్తుంది.

దీని విషం కన్నా మన తొందరపాటు తీర్పే నన్ను ఎక్కువ భయపెడుతోంది. కాలిఫోర్నియాలో ఈ జాతి స్థిరపడనే లేదు. అయినా అక్కడ ఎన్నో పుండ్లకు వైద్యులు దీని పేరే రాశారని రిచర్డ్ వెట్టర్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. మందులకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా పుండ్లు, షుగరు పుండ్లు, ఆఖరికి చర్మ క్యాన్సర్లు కూడా ఆ పద్దులోకే వెళ్లాయి. 2001లో న్యూయార్క్‌లో ఏడు నెలల పసివాడి చేతి మీద పుండు లేస్తే, మొదట సాలీడు కాటనే అనుకున్నారు. తీరా అది ఆంత్రాక్స్! ఆ బిడ్డ బతికాడు. అసలు రోగం బయటపడకపోతే ఏమయ్యేదో!

మనమేం తక్కువ తినలేదు. నడుము చుట్టూ మంటతో పొక్కులు లేస్తే 'ఏదో పురుగు పాకింది' అని పసరు రాసి ఊరుకుంటాం. అది సర్పి అయితే, మందు మొదలుపెట్టాల్సిన తొలి రోజులు ఆ పసరుతోనే గడిచిపోతాయి.

ఈ సాలీడు ఉండే కాన్సస్, మిస్సోరి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లకూ, పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకూ ఒక మాట. మంచాన్ని గోడకు ఎడంగా జరపండి. నేల మీద వదిలేసిన బట్టల్నీ బూట్లనూ దులిపి వేసుకోండి. అట్టపెట్టెలు పోగెయ్యకండి. గోడల వెంట జిగురు అట్టలు పెట్టండి. పుండు లేస్తే మాత్రం వైద్యుడికి కళ్లారా చూసిందే చెప్పండి. కుట్టిన పురుగు దొరికితే సీసాలో వేసి తీసుకెళ్లండి. కంటపడనే లేదంటే, సాలీడు పేరెత్తకండి.