డీజిల్ పికప్‌లో ఇంధన పీడన లోపం: కొలిచిన తరువాతే పంపు మార్పు

పంటను మార్కెట్టుకు చేర్చే పికప్ వాహనాన్ని నేడు సేద్యపు పనిముట్లలో ఒకటిగానే లెక్కించవలసి ఉంటుంది. టమాటా పెట్టెలతో తెల్లవారుజామున మదనపల్లెకు బయలుదేరిన వాహనం దారిలో శక్తి కోల్పోయి నిలిచిపోతే నష్టం మరమ్మతు ఖర్చుతో ఆగదు. వేలం వేళ దాటిన సరుకుకు ధర కూడా దక్కదు. ఆ తొందరలో జరిగే లోప నిర్ధారణ తరచుగా దారి తప్పుతున్నది. స్కానర్ తగిలించగానే, రైల్ పీడనం తక్కువగా ఉన్నదని తెలిపే పి0087 సంకేతం కనబడుతుంది. వెంటనే అధికపీడన పంపు పోయిందన్న తీర్పు వెలువడుతుంది. ఇంజనులోని అత్యంత ఖరీదైన భాగాలలో ఒకటైన ఆ పంపును మార్చిన కొద్ది రోజులకే అదే సంకేతం మళ్లీ కనబడడం మరమ్మతు రంగంలో వింత కాదు.

ఆ సంకేతం చెప్పేది చాలా పరిమితమైన విషయం. కామన్ రైల్ ఇంజనులో నియంత్రణ కంప్యూటరు ప్రతి క్షణం కొంత పీడనాన్ని కోరుతుంది; రైల్‌పై ఉన్న సెన్సర్ వాస్తవ పీడనాన్ని తెలుపుతుంది. ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు సుమారు 250 నుంచి 350 బార్లు, పూర్తి బరువు మీద 1,600 బార్లు, కొన్ని ఇంజనులలో అంతకు మించి పీడనం అవసరమవుతుంది. కోరిన పీడనం, వచ్చిన పీడనం మధ్య తేడా హద్దు మీరినప్పుడు సంకేతం నమోదవుతుంది. తేడా ఎందుకు వచ్చిందో కంప్యూటరుకు తెలియదు. పంపుకు చాలినంత డీజిల్ అందకపోవచ్చు, అందినది ఒత్తిడికి లోను కాకపోవచ్చు, ఒత్తిడికి లోనైనది ఇంజెక్టర్ల గుండా వెనక్కు జారిపోవచ్చు, సెన్సరే తప్పు చెప్పవచ్చు. ఈ నాలుగింటిలో మొదటిదాన్ని పరీక్షించడం అతి సులభం, అతి చవక. అయినా ఎక్కువగా విస్మరించబడుతున్నది అదే.

ట్యాంకు నుంచి అధికపీడన పంపు వరకు గల భాగాన్ని అల్పపీడన మార్గం అనవచ్చు. కొన్ని వాహనాలలో ట్యాంకులోని విద్యుత్ పంపు డీజిల్‌ను ముందుకు నెడుతుంది. అక్కడ ఫిల్టరు వద్ద మీటరు తగిలిస్తే చాలా వరకు 3 నుంచి 6 బార్ల మధ్య పీడనం కనబడాలి. కచ్చితమైన అంకెకు ఆ వాహనపు సర్వీసు పుస్తకమే ప్రమాణం. పీడనం తక్కువైతే విద్యుత్ పంపును నిందించే ముందు, అది తిరుగుతుండగా దాని కనెక్టరు వద్ద వోల్టేజిని కొలవాలి. తుప్పు పట్టిన ఒక్క ఎర్త్ తీగ మంచి పంపును కూడా బలహీనపరుస్తుంది.

మరికొన్ని వాహనాలలో ట్యాంకులో పంపు ఉండదు. అధికపీడన పంపుతో కలిసి ఉన్న చిన్న గేర్ పంపు డీజిల్‌ను పీల్చుకుంటుంది. మెకానిక్కులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఈ మార్గంలో పీడనం బయటి గాలి పీడనం కన్నా తక్కువ. పైపు పగిలినా, రబ్బరు రింగు ఎండిపోయినా, రాగి వాషరు సరిగా కూర్చోకపోయినా డీజిల్ బయటకు కారదు. గాలి లోపలికి చేరుతుంది. నేల మీద ఒక్క చుక్క పడదు గనుక లీకు లేదని భావిస్తారు. పైగా ఎంత బలమైన పంపు అయినా వాతావరణ పీడనమైన ఒక బార్‌కు మించి పీల్చలేదు. అందువల్ల సగం మూసుకున్న ఫిల్టరు, నలిగిన పైపు, గాలి రంధ్రం పూడిన ట్యాంకు మూత వంటి చిన్న అడ్డంకులు కూడా ఇక్కడ పెద్దవవుతాయి. మూత తిప్పగానే గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వినబడి, ఆపై ఇంజను కోలుకుంటే ఆ మూతను మార్చితే చాలు.

ఈ మార్గాన్ని పరీక్షించడానికి కావలసినవి ఒక వాక్యూమ్ మీటరు, డీజిల్‌ను తట్టుకునే పారదర్శకమైన గొట్టం ముక్క, శుభ్రమైన క్యాను. పంపు ముందు గొట్టం ముక్కను అమర్చి ఇంజను నడిపితే బుడగలు కంటికే కనబడతాయి. ఇంజను కన్నా ఎత్తులో ఉంచిన క్యాను నుంచి కొత్త ఫిల్టరు ద్వారా నేరుగా పంపుకు డీజిల్ అందించినప్పుడు లోపం మాయమైతే, అది ట్యాంకుకు, పంపుకు నడుమనే ఉన్నదని తేలుతుంది. ఈ ఒక్క పరీక్ష అరగంట పని.

లోపం ఎప్పుడు కనబడుతున్నదన్నది కూడా సాక్ష్యమే. ఉదయం మాత్రమే మొండికేసి తరువాత సాఫీగా నడిచే వాహనంలో రాత్రి డీజిల్ వెనక్కు జారి గాలి చేరుతున్నదని అనుమానించాలి. ఖాళీగా బాగా నడిచి, భాకరాపేట ఘాటు వంటి ఎత్తు మీద బరువుతో ఉన్నప్పుడు మాత్రమే చతికిలబడితే ముందుగా ఫిల్టరును, ట్యాంకులోని జల్లెడను చూడాలి. చల్లగా ఉన్నప్పుడు సులువుగా, వేడెక్కిన తరువాత కష్టంగా స్టార్టయితే అనుమానం ఇంజెక్టర్ల వైపు, అధికపీడన పంపు వైపు మళ్లుతుంది; వేడి డీజిల్ పలచబడి అరిగిన సందుల గుండా జారుతుంది. అప్పుడు కూడా ఇంజెక్టర్ల నుంచి వెనక్కు వచ్చే డీజిల్‌ను విడివిడి సీసాలలో పట్టి పోల్చాలి. మిగతావాటికన్నా ఎంతో ఎక్కువ వదిలే ఇంజెక్టరు ఒక్కటే ఉంటే దానితోనే పని ముగియవచ్చు.

పంపు నిజంగా చెడిపోయే సందర్భాలు లేకపోలేదు. ఫిల్టరు కోసి చూసినప్పుడు మెరిసే లోహపు పొడి కనబడితే సందేహం తీరినట్లే. అయితే అప్పుడు పంపు ఒక్కదాన్నే మార్చడం మరో తప్పు. ఆ పొడి రైల్‌లోకి, ఇంజెక్టర్లలోకి, వెనక్కు వచ్చే మార్గం ద్వారా ట్యాంకులోకి చేరి ఉంటుంది. శుభ్రం చేయకపోతే కొత్త పంపు కూడా అదే దారి పడుతుంది. ఈ పంపులకు కందెన డీజిలే. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న భారత్ స్టేజ్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు మించదు. గంధకం తొలగించే ప్రక్రియలో సహజమైన జారుడు గుణం కూడా తగ్గుతుంది గనుక దాన్ని సంకలనాలతో పూరిస్తారు. అటువంటి ఇంధనంలో కిరోసిన్ కలిపినా, పొలం గట్టున ఉంచిన డబ్బాలోని తేమ చేరినా పంపు అరుగుదల వేగవంతమవుతుంది. పాత ఇంజను క్షమించిన అలవాట్లను కొత్త ఇంజను క్షమించదు.

ఆ అలవాట్లలో ఒకటి ప్రాణాంతకం కూడా. ఇంజను నడుస్తుండగా ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండరు పనిచేయడం లేదో తెలుసుకోవడం, ఎయిర్ తీయడం పాత ట్రాక్టర్లతో వచ్చిన పద్ధతి. వందల బార్ల పీడనంతో వెలువడే డీజిల్ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. బయట సూది గుచ్చినంత గుర్తే కనబడినా గంటల వ్యవధిలో శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఆలస్యమైతే వేలు, చేయి తొలగించవలసి రావచ్చు. కామన్ రైల్ ఇంజనుపై ఈ పద్ధతిని పూర్తిగా నిషిద్ధంగా భావించాలి. లీకు కోసం చేతితో తడమడమూ అంతే ప్రమాదకరం.

కొలవకుండా పంపు మార్చే తీరుకు మెకానిక్కును మాత్రమే బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. పరీక్షకు అయ్యే కూలీ చెల్లించడానికి బండి యజమాని సుముఖంగా ఉండడు. కొత్త భాగం చేతిలో చూపిస్తే వేలు చెల్లిస్తాడు. రెండు గంటలు కొలిచి, ఇరవై రూపాయల వాషరు మార్చిన వ్యక్తికి ఆ రెండు గంటల విలువ దక్కాలి. బిల్లులో పరీక్ష రుసుము విడిగా ఉండాలి, కొలిచిన అంకెలు జాబ్ కార్డుపై రాయాలి. పంపు మార్చాలన్నవారిని అల్పపీడన మార్గంలో ఎంత వచ్చిందని అడిగే హక్కు రైతుకు ఉన్నది.

ఈ సమస్య పికప్‌తో ఆగదు. 2023 జనవరి నుంచి 50 అశ్వశక్తికి మించిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు వర్తిస్తున్నందున కామన్ రైల్ విధానం పొలంలోకి కూడా వచ్చింది. యంత్ర పరికరాల అద్దె కేంద్రాలకు ట్రాక్టర్లతో పాటు ఒక పీడన మీటరు, ఒక వాక్యూమ్ మీటరు కూడా అందించడం పెద్ద ఖర్చు కాదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ, వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలు, పాలిటెక్నిక్‌లు పల్లె మెకానిక్కుల కోసం ఒక్క రోజు ప్రయోగ పాఠం రూపొందించవచ్చు. అందులో ఉపన్యాసం తక్కువగా ఉండాలి. గాలి పీల్చే పైపు గల ఒక ఇంజను, పూడిన ఫిల్టరు గల మరో ఇంజను, ఇంజెక్టరు లీకు గల మూడో ఇంజను ముందుంచి, ఏది ఏదో మీటర్లతో తేల్చమని అభ్యాసకులకు అప్పగించాలి. ఖరీఫ్ పనులకు ముందు ఏప్రిల్, మే నెలలు దీనికి అనువైన కాలం.