కాపీరైటు పేరిట గొంతు నొక్కరాదు

2017 ఆగస్టు మాసంలో మన దేశంలోని పాఠకులకు ఒక గ్రంథాలయపు తలుపులు హఠాత్తుగా మూతపడినవి. దాని పేరు ఇంటర్నెట్ ఆర్కైవ్. లాభాపేక్ష లేకుండా నడిచే ఈ సంస్థలో ప్రపంచంలోని పలు భాషలకు చెందిన లక్షలాది గ్రంథాలున్నవి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు, ఏ దుకాణంలోనూ దొరకనివి, అక్కడ ఉచితంగా లభిస్తున్నవి. ఇంతకూ ఆ గ్రంథాలయం చేసిన నేరమేమిటి? ఇద్దరు హిందీ చిత్ర నిర్మాతలు తమ చిత్రాలు దొంగచాటుగా ప్రదర్శింపబడకుండా మద్రాసు హైకోర్టు నుండి ఉత్తర్వులు పొందినారు. వారు సమర్పించిన 2,600కు పైగా వెబ్‌సైట్ల జాబితాలో ఈ పేరు కూడ చేరినది. అంతే!

తరువాత ఆ తలుపులు మరల తెరచుకొన్నవి. కాని మూసినపుడు నోటీసు లేదు, సంజాయిషీ అడిగినవారు లేరు.

శ్రమకు ప్రతిఫలం కోరే వారిలో మేము మొదటివారము. పాట వ్రాసినవాడు, బాణీ కట్టినవాడు తమ కృషికి తగిన వాటా పొందవలసినదే. గేయ రచయితలు, సంగీత దర్శకులు చిరకాలం పోరాడి 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో సవరణ సాధించి, రాయల్టీలో తమ వాటాను నిర్మాత వ్రాయించుకొనజాలని హక్కుగా నిలుపుకొన్నారు. ఆ పోరాటాన్ని మేము హృదయపూర్వకంగా అభినందిస్తున్నాము. కాని హైకోర్టుల గుమ్మాలెక్కి ఉత్తర్వులు తెచ్చుకొనేవారిలో అత్యధికులు నిర్మాతలు, పంపిణీదారులు, మ్యూజిక్ కంపెనీలు. వేరే ఒప్పందం లేనిచో ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమానియేనని అదే చట్టంలోని 17వ సెక్షను చెప్పుచున్నది. కళాకారుని కన్నీరు చూపి అడిగే అధికారం చివరకు ఎవరి చేతికి చేరుచున్నదో గమనించవలసి ఉన్నది.

2012లో ‘3’ అనే తమిళ చిత్రానికి, ‘దమ్ము’ అనే తెలుగు చిత్రానికి రక్షణ కోరుతూ చెన్నైలోని ఒక సంస్థ ఇట్టి ఉత్తర్వులే పొందినది. ఇంటర్నెట్ సర్వీసు కంపెనీలు వాటిని చూపి విమియో, డైలీమోషన్, పేస్ట్‌బిన్ వంటి వేదికలను మొత్తంగా మూసివేసినవి. అక్కడ సినిమాలే కాదు, లక్షలాది మంది సొంత రచనలు, చిత్రాలు ఉన్నవి. నిర్దిష్టమైన పేజీలను తప్ప వెబ్‌సైటు మొత్తాన్ని మూయరాదని జూన్‌లో హైకోర్టు స్పష్టం చేయవలసి వచ్చినది. 2014లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ప్రసారాల విషయంలో ఢిల్లీ హైకోర్టు ముందుకు 472 పేర్ల జాబితా వచ్చినది. పిదప అది 219కి తగ్గినది. తగ్గిన ఆ 253 పేర్లు అసలు జాబితాలో ఎందుకున్నట్లు?

ఇట్టి దావాలలో ప్రతివాది ఎవరో తెలియదు గనుక, మన న్యాయస్థానాలలో అతనికి ‘అశోక్ కుమార్’ అని పేరు పెట్టుట ఆనవాయితీ. చిరునామా లేని ఉత్తరం ఆర్.ఎల్.ఓ.కు చేరునని మన తపాలా సోదరులకు తెలుసు. ఈ అశోక్ కుమార్ సమన్లు అంతవరకు కూడ పోవు. అతడు రాడు, అతని తరఫున వకీలు రాడు. వినవలసిన రెండవ పక్షమే లేని విచారణలో ఉత్తర్వు వెలువడుతుంది.

విచారణకు ముందే శిక్ష! ఇది రైల్వే కార్మికులకు కొత్త కాదు. 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలలోని 14(ii) ఏమిటో 1981లో సమ్మె చేసిన లోకో సిబ్బంది స్వయంగా అనుభవించినారు. ఛార్జిషీటు లేదు, విచారణ లేదు, ఉద్యోగం లేదు. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు అట్టి అధికారాన్ని సమర్థించినది. లోకో సోదరులను తిరిగి తీసుకొనవలెనని అదే న్యాయస్థానం 1993లో ఆదేశించునాటికి పన్నెండేండ్లు గడచిపోయినవి. అప్పటికి ఎందరి ఇండ్లలో పొయ్యి ఆరినదో లెక్క వ్రాసినవారు లేరు. మాట విషయంలోనూ అంతే. సమ్మె రోజున తొలగించిన ప్రసంగం మూడు వారాల తరువాత తిరిగి వచ్చినచో ప్రయోజనమేమి? 2012 సవరణతో చేర్చిన 52(1)(సి) సెక్షను ఇచ్చిన గడువు సరిగా 21 రోజులే. హక్కుదారు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అది సరియైనదిగా తోచినచో 36 గంటలలో అందుబాటు ఆపవలెనని 2013 నిబంధనలు చెప్పుచున్నవి. మాట్లాడినవానిని ముందుగా అడుగవలెనని మాత్రం అవి చెప్పవు.

ఉత్తరాల సంగతి చూడండి. 1898 తపాలా చట్టం పరాయి పాలకులు చేసినది. దాని 26వ సెక్షను కిందనైనను ఉత్తరమును ఆపుటకు ప్రభుత్వపు ఉత్తర్వు కావలసి ఉండెను. ఒక వ్యాపారి వచ్చి ‘ఈ కవరులో నా పాట ఉన్నది’ అన్నంత మాత్రాన ఏ పోస్ట్‌మాస్టరూ సంచి దింపలేదు. ఆ అధికారాన్ని విస్తరింపజూచిన 1986 నాటి బిల్లును పార్లమెంటు ఆమోదించినను రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ సంతకం చేయలేదు. ఉత్తరానికి దక్కిన ఆపాటి గౌరవమైనను ఇంటర్నెట్‌లోని మాటకు దక్కలేదు.

వేదికల సొంత నిబంధనలు మరింత కఠినం. యూట్యూబ్‌లో 90 రోజులలో మూడు కాపీరైటు ‘స్ట్రైకులు’ పడినచో ఛానలే రద్దగును. (స్ట్రైకు అనే మాటను యజమానులు ఇట్లు వాడుకొందురని మన పెద్దలు ఊహించి ఉండరు!) కొద్ది సెకన్ల దృశ్యం వాడుకొన్నందుకు ఒక వార్తాసంస్థ ఇట్టి స్ట్రైకులు వేసి, వాటిని ఎత్తివేయుటకు లక్షల రూపాయలు అడుగుచున్నదని 2025లో పలువురు వ్యాఖ్యాతలు బహిరంగంగా ఆరోపించినారు. ఫిర్యాదును ఎదిరించదలచినవాడు తన పేరు, చిరునామా ఇవ్వవలెను. అవి ఫిర్యాదుదారుకు చేరును. ప్రవర్తనా నియమావళి మెడపై వ్రేలాడుచున్న ప్రభుత్వోద్యోగి అంతటి సాహసం చేయగలడా? మా శాఖ ఒకటి వేరొక వేదికపై ఉంచిన ఊరేగింపు దృశ్యంలో దూరాన బ్యాండు మేళం సినిమా పాట వాయించినందుకు నలుబది నిమిషాల ఉపన్యాసం మూగవోయినది.

న్యాయస్థానాలలో వివేకవంతమైన గొంతు లేకపోలేదు. 2016లో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ జాబితాను గుడ్డిగా అంగీకరించక, ప్రతి చిరునామాను పరిశీలించి ప్రమాణపూర్వకంగా సమర్పించవలెననిరి. మూసిన పేజీపై కారణం, బాధితుడు ఆశ్రయించవలసిన మార్గం ప్రకటించవలెననిరి. కాని 2019లో ఢిల్లీ హైకోర్టు, దొంగ సైట్లుగా తేల్చినవాటి కొత్త చిరునామాలను జాయింట్ రిజిస్ట్రారు ద్వారా జాబితాలో చేర్చించుకొనే వీలు హక్కుదారులకు కల్పించినది. పైరసీదారుడు పూటకొక పేరు మార్చుచున్నాడన్నది నిజమే. అయినను జాబితా ఎంత సులువుగా పెరుగునో పొరపాటు అంత సులువుగా దానిలో దూరును.

బొంబాయి పద్ధతిని చట్టంలోనే చేర్చవలెనని, తొలగింపునకు ముందు మాట్లాడినవానికి నోటీసు ఇవ్వవలెనని, తప్పుడు ఫిర్యాదుదారుపై పరిహారం విధించవలెనని మేము కోరుచున్నాము. ఆ ఉత్తర్వులను అమలుపరచే బి.ఎస్.ఎన్.ఎల్., రెయిల్‌టెల్ సిబ్బంది మన సోదరులే. వారిని మేము తప్పుపట్టుట లేదు. శాఖల కార్యదర్శులు తమ దృశ్యాల, ప్రసంగాల ప్రతులను వేరుగా భద్రపరచుకొని, తొలగింపు నోటీసు వచ్చిన తేదీని, ఫిర్యాదుదారు పేరును, చూపిన కారణాన్ని కేంద్ర కార్యాలయానికి వెంటనే వ్రాయవలెనని కోరుచున్నాము.